చిత్తరువులో పొగ

హంసలదీవి కడ కృష్ణవేణి కడలిని గలియు తావునకు ఈశాన్యముగా నున్న బందరు రేవున హాలెండు వర్తకులును, వారి వెనుక 1611లో ఆంగ్లేయులును కోఠీలు నెలకొల్పుకొనిన కాలముననే దక్కను పొగాకు రాజసభలకెక్కినది. బిజాపురమునకు రాయబారమేగిన అసదుబేగు రత్నములు తాపిన గొట్టముతో దానిని గొనిపోయి సమర్పింపగా, వైద్యుడు వలదన్నను అక్బరు కొంచెము పీల్చిచూచెనట. 1617లో జహంగీరు నిషేధించెను గాని ఆ యాజ్ఞ పొగ నాపలేదు. చిత్రకారుని కుంచెను అసలే ఆపలేదు.

తరువాతి కాలపు దక్కను, మొగలు రూపచిత్రములలో హుక్కా ఛత్రచామరముల సరసన చేరిన రాజలాంఛనము. ప్రభువు బాలీసు నానుకొని కూర్చుండును. బిదరీ పనితనపు కుదురు తివాచీపై నిలుచును. పామువలె మెలికలు తిరిగిన గొట్టపు కొస ఆయన వ్రేళ్ళ నడుమ నుండునే గాని తరచుగా పెదవి నంటదు. పొగ దాదాపు కానరాదు. పీల్చుట గాదు, నిప్పు రాజవేయు సేవకుడొకడు వెనుక నిలిచియుండుటయే అచ్చట ముఖ్యము. ఈ మర్యాద తెల్లదొరలకును అంటుకొనెను: 1820 ప్రాంతపు ఢిల్లీ చిత్రమొకదానిలో ఆక్టర్లోనీ దొర దేశీయవేషమున, హుక్కా చేతబట్టి, నాట్యము తిలకించుచున్నాడు.

ఐరోపాలో కథ వేఱు. ఫ్లాండర్సు చిత్రకారుడు బ్రౌవర్ 1636 ప్రాంతమున సారాయంగడిలో పొగత్రాగు మిత్రుల నడుమ తన్నుదానే చిత్రించుకొని, నోటినుండి వెడలు పొగనే ప్రధానముగా జూపెను. దొర చేత గొట్టము, తుంటరి నోట పొగ!

మన లంకలకును ఈ చరిత్రలో నొక చోటు గలదు, అంత గౌరవప్రదము గాకున్నను. కానన్ డాయిల్ 1890 నాటి నవలలో షెర్లాక్ హోమ్సు లంకచుట్ట బూడిదను హంతకుని జాడ దెలుపు ఆనవాలుగా బేర్కొనును. పేజెట్ గీసిన బొమ్మలలో హోమ్సు నోట నుండునది మాత్రము ఆలోచనకు గుర్తైన పైపు. తెలుగువారి గిరీశము ఈ రెంటికిని నడుమ నిలిచిన ఘటము. 1892లో రంగమెక్కిన కన్యాశుల్కపు నాయకునకు చుట్ట లేనిదే రూపము పూర్తి గాదు. 1955 చలనచిత్రమున ఆ పాత్ర ధరించినది గుడివాడ ప్రాంతపు నిమ్మకూరు బిడ్డడు నందమూరి తారకరామారావే.

ఇక ఉత్తరాంధ్ర తీరపు స్త్రీల అడ్డపొగ: నిప్పుకొస నోటిలోపల నుంచుకొని, చేపల తట్ట నెత్తిన బెట్టుకొని నడచువారిని చిత్రింపబూనినచో నిప్పు కానరాదు, చుట్ట సగమే కానవచ్చును. నాకు దోచినంతలో, చిత్రకళ వారిని విస్మరించుటకు ఇది సాకు మాత్రమే. హుక్కా ప్రభువుల పటములలో మాత్రము పొగ కనబడినదా యేమి?