ఆంగ్లంలో క్రియావిశేషణాల స్థానం

పని ఎలా, ఎప్పుడు, ఎక్కడ, ఎంత తరచుగా జరిగినదో తెలిపే పదాలను క్రియావిశేషణాలు అంటారు. ఆంగ్లంలో నామవాచకాలకు కర్త, కర్మలను వేరుచేసి చూపే విభక్తి ప్రత్యయాలు లేనందున, కర్త క్రియకు ముందు, కర్మ క్రియకు తరువాత రావడం సాధారణ నియమం. క్రియావిశేషణం మాత్రం వాక్యంలో కొంత స్వేచ్ఛగా కదలగలదు. అయితే అది స్థానం మారినప్పుడు అర్థం కూడా మారవచ్చును. క్రియావిశేషణాన్ని అది విశేషించే పదానికి దగ్గరగా ఉంచాలని రాబర్ట్ లౌత్ 1762లో ప్రచురించిన తన ఆంగ్ల వ్యాకరణ గ్రంథంలో సూచించాడు.

మూడు స్థానాలు

క్రియావిశేషణం వచ్చే చోట్లను ప్రధానంగా మూడుగా విభజిస్తారు.

* ఆది స్థానం: కర్తకు ముందు. ఉదాహరణకు "యెస్టర్‌డే వి మెట్ హిమ్" (నిన్న మేము అతనిని కలిశాము).
* మధ్య స్థానం: కర్తకు, ప్రధాన క్రియకు నడుమ. "షి ఆఫెన్ వాక్స్ టు వర్క్" (ఆమె తరచుగా పనికి నడిచి వెళుతుంది).
* అంత్య స్థానం: క్రియ లేదా కర్మ తరువాత. "హి డ్రైవ్స్ ది కార్ స్లోలీ" (అతడు కారు నెమ్మదిగా నడుపుతాడు).

వాక్యం చివర ఒకటి కంటే ఎక్కువ వచ్చినప్పుడు సాధారణంగా రీతి, స్థలం, కాలం అనే వరుస పాటించబడుతుంది. "షి సాంగ్ వెల్ ఎట్ ది టౌన్ హాల్ లాస్ట్ నైట్" అన్న వాక్యంలో ఈ వరుసను గమనించవచ్చును.

మధ్య స్థానపు నియమాలు

ఆల్వేస్, ఆఫెన్, యూజువలీ, నెవర్ వంటి తరచుదనాన్ని తెలిపే పదాలు ఎక్కువగా మధ్య స్థానంలో వస్తాయి.

# ప్రధాన క్రియ ఒక్కటే ఉంటే దానికి ముందు: "ఐ ఆల్వేస్ డ్రింక్ కాఫీ".
# ఆమ్, ఈజ్, ఆర్, వాజ్, వర్ అనే రూపాలు ఉంటే వాటి తరువాత: "షి ఈజ్ ఆల్వేస్ లేట్".
# సహాయక క్రియలు ఉంటే మొదటిదాని తరువాత: "ఇట్ హాజ్ నెవర్ బీన్ యూజ్డ్".
# ప్రశ్నలో కర్త తరువాత: "డు యు యూజువలీ కుక్?"
# సహాయక క్రియతోనే ముగిసే చిన్న జవాబులో దానికి ముందు: "నో, ఐ నెవర్ హావ్".

నొక్కి చెప్పడానికి నెవర్ వంటి వ్యతిరేకార్థక పదాన్ని వాక్యం మొదట పెడితే సహాయక క్రియ కర్తకు ముందుకు జరుగుతుంది: "నెవర్ హావ్ ఐ సీన్ సచ్ రెయిన్". ఇది వాడుక భాషలో అరుదు.

స్థానభేదం, అర్థభేదం

"ఐ రియల్లీ డోంట్ లైక్ ఇట్" అంటే "అది నాకు అసలు నచ్చదు" అని అర్థం. "ఐ డోంట్ రియల్లీ లైక్ ఇట్" అంటే "అంతగా నచ్చదు" అని మాత్రమే. అలాగే "హి డిడ్ నాట్ ఆన్సర్ హానెస్ట్‌లీ" అంటే అతడు నిజాయితీగా బదులివ్వలేదని. "హానెస్ట్‌లీ, హి డిడ్ నాట్ ఆన్సర్" అంటే "నిజం చెప్పాలంటే, అతడు బదులే ఇవ్వలేదు" అని. రెండవ వాక్యంలో ఆ పదం అతని జవాబును కాక, చెప్పేవారి ధోరణిని తెలుపుతుంది.

వివాదాలు

ఓన్లీ అనే పదాన్ని అది పరిమితం చేసే పదం పక్కనే ఉంచాలని కొందరు పట్టుబడతారు. వాడుకలో మాత్రం అది తరచుగా క్రియకు ముందే వస్తుంది. అర్థానికి భంగం లేనంతవరకు ఇందులో తప్పు లేదని హెచ్. డబ్ల్యు. ఫౌలర్ 1926 నాటి తన వాడుక నిఘంటువులో సమర్థించాడు.

టు అనే పదానికి, దాని తరువాతి క్రియకు మధ్య క్రియావిశేషణాన్ని చేర్చడాన్ని 19వ శతాబ్దంలో హెన్రీ ఆల్ఫర్డ్ వంటివారు ఆక్షేపించారు. నేటి వ్యాకరణవేత్తలు దీనిని దోషంగా పరిగణించరు.

2009 జనవరి 20న అమెరికా అధ్యక్షునిగా బరాక్ ఒబామా చేత ప్రమాణం చేయించినప్పుడు ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్, రాజ్యాంగంలో క్రియకు ముందు ఉన్న ఫెయిత్‌ఫుల్లీ అనే పదాన్ని వాక్యం చివరకు మార్చి పలికారు. ఒబామా కూడా అలాగే పలికారు. అర్థం మారకపోయినా, ప్రమాణం చెల్లుబాటుపై సందేహాలకు తావివ్వకుండా మరునాడు వైట్ హౌస్‌లో తిరిగి ప్రమాణం చేయించారు. క్రియారూపాన్ని విడదీయరాదన్న పాత నియమ ప్రభావమే ఈ పొరపాటుకు కారణమై ఉండవచ్చునని భాషావేత్త స్టీవెన్ పింకర్ అభిప్రాయపడ్డారు.

తెలుగుతో పోలిక

తెలుగులో క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది, క్రియావిశేషణం దానికి ముందు నిలుస్తుంది: "రవి ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు". ఆంగ్లంలో కర్మ క్రియ తరువాత వస్తుంది కనుక, "బాగా" అన్న పదాన్ని క్రియకు ఆనించే ఉంచితే "రవి స్పీక్స్ వెల్ ఇంగ్లిష్" అనే దోషయుక్త వాక్యం ఏర్పడుతుంది. క్రియకు, కర్మకు మధ్య క్రియావిశేషణం సాధారణంగా రాదు కనుక "రవి స్పీక్స్ ఇంగ్లిష్ వెల్" అనడం సరియైనది.

"రవి ఓన్లీ ఈట్స్ రైస్ ఎట్ నైట్" అన్న వాక్యానికి "రవి రాత్రి అన్నం మాత్రమే తింటాడు" అని గాని, "రవి రాత్రి మాత్రమే అన్నం తింటాడు" అని గాని అర్థం చెప్పవచ్చును. మాటలో ఊనికను బట్టి ఏది ఉద్దేశమో తెలుస్తుంది, వ్రాతలో సందర్భమే ఆధారం. తెలుగులో "మాత్రమే" అన్న పదం తాను పరిమితం చేసే పదం వెంటనే వస్తుంది కాబట్టి ఈ సందిగ్ధత కలగదు.