పెనుగొండ గోత్రాలు, ఒక ఎంజైము

పశ్చిమ గోదావరి జిల్లాలో తణుకుకు దగ్గరగా, వరిచేల నడుమ ఉన్న పెనుగొండ ఆర్యవైశ్యుల పుణ్యక్షేత్రం. వాసవీ కన్యకాపరమేశ్వరి పుట్టినిల్లుగా, నగరేశ్వరస్వామి గుడి ఉన్న ఊరుగా తెలుగువారందరికీ దాని పేరు తెలుసు. వైశ్య ప్రముఖుడు కుసుమశ్రేష్ఠి కూతురు వాసవిని విష్ణువర్ధనుడనే రాజు కోరాడని, పెళ్ళికి ఒప్పుకోని వాసవి అగ్నిప్రవేశం చేసిందని, 714 గోత్రాల వారిలో 102 గోత్రాల వారు ఆమె వెంట నడిచారని పురాణకథ చెబుతుంది. ఆ 102 గోత్రాల సంతతే తాము అని ఆర్యవైశ్యులు ఈనాటికీ చెప్పుకుంటారు. విష్ణువర్ధనుడనే పేరు తూర్పు చాళుక్య రాజుల్లో చాలామందికి ఉన్నందున కథకు కచ్చితమైన కాలం కట్టడం కష్టం. కానీ ఆ కథలో ఒక మాట జన్యుశాస్త్రానికి అక్కరకు వచ్చేది: ఒక పెద్ద సమాజం కొద్ది కుటుంబాల నుంచి మళ్ళీ మొదలైందని, ఆ తర్వాత బయటివారితో సంబంధం కలుపుకోలేదని.

పెళ్ళి విషయంలో ఈ సమాజం పాటించిన కట్టుబాట్లు రెండు. స్వగోత్రంలో పెళ్ళి నిషిద్ధం. కులం బయట పెళ్ళి అంతకన్నా నిషిద్ధం. ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాల గ్రంథంలో కోమట్ల (అంటే ఈ వైశ్యుల) ప్రకరణం మేనరికానికి వారిచ్చిన పట్టింపును వివరంగా నమోదు చేసింది. గోత్రం తండ్రి వైపు నుంచి మాత్రమే వస్తుంది. అందుచేత మేనమామ కూతురిది ఎప్పుడూ వేరే గోత్రమే, నియమం ప్రకారం సంబంధం కుదురుతుంది. కణం లెక్క మాత్రం వేరు. మేనమామ కూతురి తాత, నాయనమ్మలే మేనత్త కొడుక్కి తాత, అమ్మమ్మ కనుక, ఆ జంటకు పుట్టే బిడ్డలో ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 16లో 1 వంతు. గోత్రం చూసి పెళ్ళి చేస్తే రక్తసంబంధం తప్పినట్టేనన్న నమ్మకానికి జీవశాస్త్రంలో ఆధారం సగమే ఉంది.

మేనరికం ఒక్కటే కారణమనుకోవడమూ పొరపాటే. కొద్దిమంది మూలపురుషుల నుంచి పెరిగిన సమాజంలో, వారిలో ఒకరు మోసిన అరుదైన జన్యుమార్పు తరతరాలుగా లక్షల మందికి చేరుతుంది. ఒక ఊరి పంటంతా గుప్పెడు విత్తనం నుంచి వస్తే ఆ గుప్పెట్లో ఉన్న లోపం చేనంతటా కనిపించినట్టే. దీనినే స్థాపక ప్రభావం అంటారు. అటువంటి సమాజంలో పది తరాలుగా చుట్టరికం లేని దంపతులు కూడా ఒకే జన్యుమార్పును మోస్తూ ఉండవచ్చు. మేనరికం మానినంత మాత్రాన ఆ బరువు తగ్గిపోదు.

ఆర్యవైశ్యుల్లో ఆ ప్రభావం స్పష్టంగా బయటపడింది బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైములో. దానిని సూడోకోలినెస్టరేజ్ అని కూడా అంటారు. దాని జన్యువు 3వ క్రోమోజోము మీద ఉంది. కాలేయకణాలు ఆ ఎంజైమును తయారుచేసి రక్తరసంలోకి వదులుతాయి. రోజువారీ జీవితంలో దాని లోటు బయటికి కనిపించదు. తిండి, నిద్ర, పని, సంతానం అన్నీ మామూలుగానే సాగుతాయి. లోటు బయటపడేది ఆపరేషన్ బల్ల మీద.

1950ల ఆరంభంలో సక్సామెథోనియం అనే కండరాల సడలింపు మందు వాడకంలోకి వచ్చింది. మన ఆసుపత్రుల్లో స్కోలిన్ అంటే అందరికీ అర్థమయ్యేది ఇదే. గొంతులో గొట్టం వేసేందుకు కండరాలు క్షణాల్లో సడలాలి, కొద్ది నిమిషాల్లో తిరిగి పనిచేయాలి. మామూలు మనిషిలో ఇచ్చిన మందులో ఎక్కువ భాగాన్ని రక్తంలోని ఈ ఎంజైమే నాశనం చేస్తుంది. మిగిలింది 5 నుంచి 10 నిమిషాల్లో పోతుంది. ఎంజైము లేనివారిలో అదే మోతాదు గంటల తరబడి నిలుస్తుంది. ఆపరేషన్ అయిపోయినా రోగి కదలడు, ఊపిరి తీయడు. ఇలాంటి రోగులను గమనించిన కెనడా శాస్త్రవేత్త వెర్నర్ కాలో 1957లో డైబుకెయిన్ సంఖ్య పద్ధతితో (డైబుకెయిన్ అనే మందు ఎంజైమును ఎంత శాతం అణచగలదో చూపే అంకె ఇది) ఆ తేడాను కొలిచి, అది వంశపారంపర్యమని చూపాడు. మందుకు స్పందించే తీరును జన్యువులతో ముడిపెట్టే ఫార్మకోజెనెటిక్స్ అనే శాఖకు పునాది వేసిన పరిశోధనల్లో ఇది ఒకటి.

తెలుగు వైశ్యుల వంతు అర్ధశతాబ్ది తర్వాత వచ్చింది. కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్. బూపతి బృందం అమెరికాలో నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు ఒక్సానా లాక్‌రిడ్జ్‌తో కలిసి 2006లో వైశ్య సమాజంలో ఉన్న మార్పును గుర్తించింది. ప్రొటీను గొలుసులో 307వ స్థానంలో ల్యూసిన్ ఉండవలసిన చోట ప్రోలిన్ వచ్చి కూర్చుంది. డీఎన్‌ఏలో మారింది ఒక్క అక్షరం: థైమీన్ స్థానంలో సైటోసిన్. ప్రోలిన్ ఉంగరంలా ముడుచుకున్న అమైనో ఆమ్లం. అది చేరిన చోట ప్రొటీను మడతకు స్వేచ్ఛ తగ్గుతుంది. ఈ మార్పు రెండు ప్రతులలోనూ ఉన్నవారి రక్తంలో ఎంజైము చురుకుదనం దాదాపు కనిపించదు. అందుకే దీనిని మౌన జన్యువు అంటారు. చురుకుదనమే లేనప్పుడు డైబుకెయిన్ సంఖ్యకు కూడా అర్థం ఉండదు.

అదే బృందం పరిశీలించిన నమూనాలో సుమారు 24 మందిలో ఒకరికి రెండు ప్రతులూ దెబ్బతిని ఉన్నాయి. ఐరోపా, అమెరికా జనాభాలో ఇది దాదాపు లక్షలో ఒకరికి. 24లో 1 వర్గమూలం తీస్తే ఆ జన్యుమార్పు తరచుదనం సుమారు 0.2 అవుతుంది. హార్డీ–వైన్‌బర్గ్ సూత్రం ప్రకారం ఒక్క ప్రతి మోసేవారు ముగ్గురిలో ఒకరికి దగ్గరగా ఉంటారు. చిన్న నమూనా నుంచి వచ్చిన ఈ లెక్కను ప్రతి ఊరి వైశ్యులకూ అంటగట్టకూడదు. బంధువర్గాల పెళ్ళిళ్ళున్నచోట సూత్రం అచ్చంగా వర్తించదు కూడా. అయినా మామూలు జనాభాతో ఎంత దూరమో దాన్నిబట్టి తెలుస్తుంది.

పెనుగొండ కథకు ఇంకో సాక్ష్యం హైదరాబాదు నుంచి వచ్చింది. అక్కడి కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)కి చెందిన కె. తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2009లో 'నేచర్' పత్రికలో 25 భారతీయ సమూహాల జన్యు విశ్లేషణ ప్రకటించారు. వైశ్యుల్లో స్థాపక ఘటన 100 తరాలకు పైనే జరిగిందని, ఆపైన బయటి కలయిక చాలా తక్కువని అందులో తేలింది. అంటే ఇంచుమించు రెండువేల ఏళ్ళకు పైబడిన కట్టుబాటు. తూర్పు చాళుక్యుల కాలానికన్నా అది పాతది. కనుక ఆ విశ్లేషణ అగ్నిప్రవేశ కథను రుజువు చేసిందనడం సరికాదు. కొద్దిమంది నుంచి పెరిగి తమలో తామే పెళ్ళాడిన సమాజమన్న జ్ఞాపకం మాత్రం జన్యువుల మాటతో పొసుగుతుంది. 2017లో ఇదే కృషిని 260కి పైగా దక్షిణాసియా సమూహాలకు విస్తరించగా, 81 సమూహాల్లో స్థాపక ప్రభావం ఫిన్లాండు వారిలోకన్నా, అష్కెనాజీ యూదులలోకన్నా బలంగా ఉన్నట్టు కనిపించింది. అంటే ఇది ఒక్క కులం సంగతి కాదు, మన పెళ్ళి ఆచారాల మొత్తం చరిత్ర. ఒక కులానికి జబ్బు ముద్ర వేసేందుకు ఈ సమాచారాన్ని వాడటం అన్యాయం.

వార్డులో దీని విలువ నేరుగా ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు కేస్‌షీటు నింపే నర్సు, ఇంట్లో ఎవరికైనా మత్తు తర్వాత చాలాసేపు మెలకువ రాలేదా, వెంటిలేటరు మీద ఉంచారా అని అడగాలి. అవునంటే మత్తుమందు డాక్టరుకు వెంటనే చెప్పాలి. రక్తపరీక్షతో నిర్ధారించి, స్కోలిన్, మివాక్యూరియం మానేసి రోక్యురోనియం వంటి మందు ఎంచుకుంటారు. తెలియక ఇచ్చినా ప్రాణం కాపాడే మార్గం ఉంది: ఊపిరి తానే తీసుకునేదాకా వెంటిలేటరు ఆపకుండా ఉంచాలి, నరాల స్టిమ్యులేటరుతో కండరాల బలం చూడాలి. ఆ గంటల్లో మత్తు కొనసాగించడం మరిచిపోకూడదు. లేదంటే రోగి కళ్ళు కూడా తెరవలేని స్థితిలో తెలివిలో ఉండి, అన్నీ వింటూ భయంతో నలిగిపోతాడు. రోగికి వివరాలు రాసిన కార్డు ఇవ్వాలి. తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ ఇదే లోటు ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు కాబట్టి వారికీ పరీక్ష చేయించాలి.

గోదావరి డెల్టాలో ఇదే ఎంజైము పేరు ఇంకో సందర్భంలోనూ వినిపిస్తుంది. పురుగుమందు తాగినవారు అత్యవసర విభాగానికి వచ్చినప్పుడు రక్తంలో సూడోకోలినెస్టరేజ్ పరీక్ష చేస్తారు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు ఆ ఎంజైమును అణచివేస్తాయి. కాలేయ వ్యాధి, గర్భం, పోషకాహార లోపం కూడా విలువను తగ్గిస్తాయి. పుట్టుకతోనే ఎంజైము లేనివారిలో విషం లేకుండానే అంకె అట్టడుగున ఉంటుంది. కంటిపాప సన్నబడటం, చొంగ, చెమట, కండరాలు అదరడం వంటి లక్షణాలతో కలిపి చూడకుండా ఆ అంకె ఒక్కదాన్నే నమ్మి విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించడం ప్రమాదకరం.