మండల విలేకరి ‘వర్కింగ్ జర్నలిస్టు’ కాడా?

1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం రెండో సెక్షన్‌లో ఒక నిర్వచనం ఉంది. జర్నలిజమే ప్రధాన వృత్తిగా, పూర్తికాలమో పాక్షికకాలమో, పత్రికా సంస్థలో నియమితుడై పనిచేసే వ్యక్తి వర్కింగ్ జర్నలిస్టు అని దాని సారం. 2020 కార్మిక కోడ్ ఆ చట్టాన్ని రద్దు చేసినా నిర్వచనాన్ని ఉంచింది. ఎలక్ట్రానిక్, డిజిటల్ మాధ్యమాలనూ అందులో చేర్చింది. మన మండల విలేకరి బతుకు ఈ మాటల మధ్యే నలుగుతోంది.

ప్రధాన వృత్తిగా: చిక్కంతా ఇక్కడే. జిల్లా అనుబంధాలు వచ్చాక తెలుగు పత్రికలకు మండలానికో విలేకరి కావలసివచ్చాడు. ఉద్యోగిగా తీసుకోకుండా అతనికి కంట్రిబ్యూటర్ అని పేరు పెట్టారు. తనకు వేరే జీవనాధారం ఉందని, ఆసక్తి కొద్దీ వార్తలు రాస్తున్నానని సంతకం పెట్టించుకోవడం చాలాచోట్ల ఆనవాయితీ. ఆ సంతకంతోనే పీఎఫ్, గ్రాట్యుటీ, సెలవు అన్నీ పోతాయి. అతని రోజు చూస్తే పొద్దున ఆసుపత్రి, మధ్యాహ్నం మండల సర్వసభ్య సమావేశం, సాయంత్రం డెస్కుకు వార్తలు. అర్ధరాత్రి రోడ్డు ప్రమాదం జరిగితే ఫోను మోగేది అతనికే. ఇక ఆ రెండో వృత్తి ఏ వేళ చేస్తాడు?

పూర్తికాలమో పాక్షికకాలమో: పార్ట్‌టైమ్ అన్నంత మాత్రాన చట్టం ఎవరినీ బయటికి నెట్టలేదు.

నియమితుడై: చాలామంది దగ్గర నియామక పత్రం ఉండదు. సంస్థ ఇచ్చిన గుర్తింపు కార్డు ఉంటుంది, అదృష్టం బాగుంటే అక్రిడిటేషన్ ఉంటుంది. అక్రిడిటేషన్ ప్రభుత్వం ఇచ్చేది. బస్సు రాయితీకి పనికొస్తుంది గానీ జీతం అడగడానికి పనికిరాదు.

వేతనం: నిర్వచనంలో లేని మాటే, కానీ అసలు ప్రశ్న ఇదే. కంట్రిబ్యూటర్‌కు వచ్చేది లైన్ అకౌంట్: అచ్చయిన వార్తను కొలిచి కట్టే డబ్బు. యాభై కిలోమీటర్లు తిరిగి తెచ్చిన వార్త పేజీలో చోటు లేక ఆగిపోతే పెట్రోలు కూడా అతని జేబులోంచే. ఆ లోటు పూడ్చుకోవడానికి ప్రకటనల కమిషన్ చూపిస్తారు. సంక్రాంతికి, పంద్రాగస్టుకు శుభాకాంక్షల ప్రకటన ఇవ్వమని సర్పంచిని బతిమాలిన మనిషే, మర్నాడు అదే సర్పంచిని పంచాయతీ నిధుల లెక్క అడగాలి. ఎలా అడుగుతాడు? ఇక్కడ నష్టపోయేది విలేకరి ఒక్కడే కాదు, ఆ ఊరి పాఠకుడు కూడా.

ఉద్యోగం ఉన్నవారికైనా న్యాయం సులువుగా దక్కలేదు. పత్రికా సిబ్బంది జీతాలపై మజీఠియా వేజ్ బోర్డు చేసిన సిఫార్సులను కేంద్రం 2011 నవంబర్ 11న నోటిఫై చేసింది. యాజమాన్యాలు కోర్టుకెక్కితే 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. కాంట్రాక్టు సిబ్బందికీ అవి వర్తిస్తాయని, పాత జీతమే చాలని రాసిచ్చినా బోర్డు నిర్ణయించిన దానికంటే తగ్గించి ఇవ్వడానికి వీల్లేదని 2017 జూన్ 19న మళ్లీ చెప్పవలసివచ్చింది. కొత్త కోడ్‌లలో ఆ వేజ్ బోర్డే లేదు.

పత్రికల యాజమాన్యాలు మండల విలేకరికి నియామక పత్రం, నెలకు ఇంతని స్థిరమైన జీతం ఇవ్వాలి. ప్రకటనల భారం అతని నెత్తి మీంచి దించాలి. ఆ పనికి ప్రతి సంస్థలోనూ ప్రకటనల విభాగం ఉంది.