గంజి పెట్టుట

నూలునకుగాని, నేసిన వస్త్రమునకుగాని పిండిపదార్థమును పట్టించి బిరుసు కలిగించు పని. మగ్గమెక్కకమునుపు పడుగునకు పెట్టు గంజి దారమును కాపాడుటకైనది. ఉదికిన పిమ్మట బట్టకు పెట్టునది కంటికింపు గొలుపుటకైనది. చెన్నపట్టణపు వర్తకచరిత్రయందు ఈ రెండును పెనవైచుకొని యున్నవి.

బియ్యపుపిండిని నీట కలిపి కాచునపుడు, సుమారు 70 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి రేణువులు నీరు పీల్చి, ఉబ్బి, చిక్కని జిగురుగా మాఱును. అది దారముపై ఆఱి సన్నని పొరయై, పైకి లేచిన నూగును అణచి, మగ్గపు అచ్చు రాపిడికి పోగులు తెగకుండ కాచును. సాలెవారు తెల్లవాఱుజామున పడుగును వీధిపొడవున సాచి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వుచు, ఎండ ముదురకమున్నే పని ముగించెడివారు; అందుచేతనే వానకాలము వారికి పస్తుల కాలమయ్యెడిది. గంజి పలుచనైనచో పోగు తెగును. చిక్కనైనచో పెళుసెక్కి విఱుగును. దీనికి విఱుగుడుగా గంజిలో కొంచెము నూనె కలుపుట వాడుక.

1639లో స్థానిక పాలకులైన దామెర్ల నాయకుల వలన మదరాసుపట్టణమున స్థలము పొందిన ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చటి ప్రధానాకర్షణము నూలుబట్టయే. 1734లో గవర్నరు జార్జి మార్టన్ పిట్ నేతగాండ్రకై నెలకొల్పిన చింతాద్రిపేట పేరులోని ‘తఱి’ యనునది అరవమున మగ్గమే. బట్టలు చలువచేయు చాకలివారి వాడయే వాషర్‌మన్‌పేట. మగ్గము దిగిన ముతకబట్ట గంజి వదలునట్లుదికి, ఎండలో తెల్లబఱచి, మరల గంజి పెట్టి, కొయ్యలతో మోది మెఱుగెక్కించిన తరువాతగాని ఓడకెక్కెడిది కాదు. నేతకై పెట్టినదానిని కడిగివేసి, అమ్మకమునకై మరల పెట్టుట యన్నమాట!

ఈ రెండవ గంజియందే మోసమునకు చోటున్నది. పలుచని నేతను దిట్టమైనదానివలె చూపు విద్య మనవారికి తెలియనిది కాదుగాని, దానిని పరిశ్రమగా పెంచినది ఇంగ్లండులోని లాంకషైరు. 1861-65 నడుమ అమెరికాలో అంతర్యుద్ధము సాగి దూది కఱవైనపుడు, లాంకషైరు మిల్లులు పొట్టిపింజె సూరతు దూదిని వాడవలసివచ్చి, గంజితోపాటు చీనామన్నును దండిగా పట్టించి బట్టకు బరువు తెచ్చెను. బూజును ఆపుటకు జింకు క్లోరైడు కలిపినను, తేమ తగిలినచోట మచ్చలు లేచెడివి. ఒక్క ఉదుకుతో బరువంతయు నీటిపాలై, కొన్నవాని చేతిలో జల్లెడవంటి గుడ్డ మిగిలెడిది. తూర్పుదేశపు నేతను మించితిమని చాటుకొన్న యంత్రములకు మట్టి సాయము వలసెనని తలంచిన నవ్వు రాకమానదు.

చెన్నపట్టణపు పెరంబూరులోని బకింగ్‌హామ్, కర్ణాటక్ మిల్లులు 1920లో ఏకమైనవి. అటువంటి మిల్లులలో పడుగు గంజితొట్టిలో మునిగి, ఆవిరితో వేడెక్కిన లోహపుదిమ్మెలపై ఆఱుచు, వీధిలో కుంచె చేయు పనిని త్రుటిలో ముగించెడిది. రెండవ ప్రపంచయుద్ధమున విదేశపు పిండి రాక నిలిచిపోగా, 1943 ప్రాంతమున సేలము జిల్లాలో కఱ్ఱపెండలము నుండి సగ్గుబియ్యమును, పిండిని తీయు పరిశ్రమ వెలసి, క్రమముగా మిల్లులకు గంజి సమకూర్చినది.

నేత ముగిసిన బట్టనుండి ఆ గంజిని తొలగించుటకు ఇపుడు అమైలేజు అను కిణ్వమును వాడుదురు. అది పిండిని చక్కెరలుగా విడగొట్టును. ఆ కడుగునీరు శుద్ధిచేయక వదలినచో నీటిలోని ప్రాణవాయువును హరించును.