పడమటి మండలాల్లో అత్యవసర వైద్య శిక్షణ: మదనపల్లె, పుంగనూరు, కుప్పం

రోడ్డు ప్రమాదం, పాముకాటు, పురుగుమందు విషం, గుండెపోటు వంటి ఆపదల్లో మొదటి గంటల్లో అందాల్సిన చికిత్సను ఉద్యోగంలో ఉన్న డాక్టర్లకు, నర్సులకు, అంబులెన్సు సిబ్బందికి మళ్లీ మళ్లీ నేర్పే ఏర్పాటునే అత్యవసర వైద్యంలో నిరంతర శిక్షణ అంటున్నారు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో వైద్యులకు ఉద్యోగంలో ఉండగానే చదువు చెప్పే అలవాటు చాలా పాతది. గాయాల విషయంలో ఆ చదువు మొదలైంది మాత్రం నిన్న మొన్నే. నేర్పేవాళ్లు రాయవేలూరు (వేలూరు)లోనో, తిరుపతిలోనో, బెంగళూరులోనో, హైదరాబాదులోనో ఉంటారు. దెబ్బ తగిలిన మనిషి మొదట వచ్చేది మదనపల్లె, పుంగనూరు, కుప్పం కాజువాల్టీలకు. ఈ శిక్షణ చరిత్రంతా ఆ దూరాన్ని తగ్గించే ప్రయత్నంగానే సాగింది.

నేల తీరు, ఆపదల తీరు

మదనపల్లె నుంచి తిరుపతికి పోయినా బెంగళూరుకు పోయినా నూరు కిలోమీటర్లకు పైమాటే. కుప్పం నుంచి జిల్లా కేంద్రమైన చిత్తూరుకూ అంతే. మూడు రాష్ట్రాలు కలిసేచోట ఉన్న కుప్పం వాళ్లకు సొంత జిల్లా కేంద్రం కన్నా కోలారు, కృష్ణగిరి దగ్గర. తిరుపతి దారిలో భాకరాపేట ఘాటు, చిత్తూరు దారిలో మొగిలి ఘాటు. 2022 మార్చిలో ధర్మవరం నుంచి తిరుపతికి బయల్దేరిన నిశ్చితార్థ బృందం బస్సు భాకరాపేట ఘాటులో లోయలో పడింది. 2024 సెప్టెంబరు 13న మొగిలి ఘాటులో ఆర్టీసీ బస్సును లారీ ఢీకొట్టింది. ఇలాంటి రోజున ఒకే గంటలో పదుల మంది క్షతగాత్రులు వచ్చిపడతారు. ఎవరిని ముందు చూడాలో, ఎవరిని ఆగమనాలో తేల్చడమే అప్పుడు పెద్ద వైద్యం. శిక్షణ లేనిచోట ఎక్కువగా అరిచేవాడికే ముందు కట్టు కడతారు. అసలు ప్రమాదంలో ఉన్నవాడు చాలాసార్లు అరవలేడు.

ఘాటులు ఒక్కటే కాదు. మదనపల్లె టమోటా మార్కెట్టుకు సీజనులో రాత్రీ పగలూ లారీలు, ఆటోలు నడుస్తూనే ఉంటాయి. టమోటా పండేచోట పురుగుమందు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. కుప్పం చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలున్నాయి, ‘కుప్పం గ్రీన్’ రాయి పేరు దూరదేశాల్లోనూ తెలుసు. కౌండిన్య అభయారణ్యం అంచు పల్లెల్లో ఏనుగుల భయం 1980ల నుంచీ ఉంది. రాయి కింద నలిగిన కాలు, ఏనుగు తొక్కిన ఛాతీ, రాత్రి పొలం గట్టున కట్లపాము కాటు. నగరంలో రాసిన పాఠ్యపుస్తకంలో ఇవన్నీ ఒకే అధ్యాయంలో దొరకవు.

మిషన్ల కాలం

ఈ ప్రాంతానికి ఆధునిక వైద్యాన్ని తెచ్చింది అమెరికా రిఫార్మ్‌డ్ చర్చికి చెందిన ఆర్కాటు మిషన్. మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి 1911లో ఏర్పడింది. అదే మిషన్‌కు చెందిన ఐడా స్కడర్ 1918లో వేలూరులో ఆడవాళ్లకు వైద్య పాఠశాల తెరిచింది. నేటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) దాని నుంచి పెరిగిందే. గుడియాత్తం రోడ్డు వెంట ఆమె నడిపిన దారిపక్క వైద్యశాలలు, రోగి వచ్చేదాకా ఆగకుండా రోగి ఉన్నచోటికే పోవాలన్న పద్ధతికి ఈ ప్రాంతంలో తొలి ఉదాహరణలు. పడమటి మండలాల జనం నోట ‘రాయవేలూరికి పోవడం’ అన్నమాట పెద్ద జబ్బుకు మారుపేరుగా నిలిచిపోవడం కూడా అప్పటి నుంచే.

శిక్షణ విషయంలో మాత్రం అసలు పేరు ఆరోగ్యవరానిది. పలు ప్రొటెస్టెంటు మిషన్లు కలిసి మదనపల్లె పక్కన 1915లో నెలకొల్పిన క్షయ శానిటోరియానికి డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ తొలి సూపరింటెండెంటు. క్షయ చికిత్స నేర్చుకోవడానికి దేశంలోని పలుచోట్ల నుంచి వైద్యులు ఇక్కడికి వచ్చేవారు. 1948లో దేశంలో బీసీజీ టీకాలు మొదలైంది కూడా మదనపల్లెలోనే. డిగ్రీ చేతిలో ఉన్న డాక్టరు మళ్లీ విద్యార్థిగా కూర్చోవడం ఈ ఊరికి కొత్త కాదు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. క్షయకు మందులు రాకముందు, ఛాతీ గోడకూ ఊపిరితిత్తికీ మధ్య సూదితో కావాలనే గాలి ఎక్కించి, ఊపిరితిత్తిని ముడిచి విశ్రాంతినిచ్చేవారు. స్ట్రెప్టోమైసిన్ తరవాతి మందులతో ఆ చికిత్స మూలపడింది. ఇవాళ ప్రమాద వైద్య శిక్షణలో నేర్పే మొదటి ప్రాణరక్షక పనుల్లో ఒకటి దానికి సరిగ్గా తలకిందులు. పక్కటెముక విరిగి ఛాతీలో చేరిన గాలి గుండెను నొక్కేస్తుంటే, ఎక్స్‌రే కోసం ఆగకుండా సూది గుచ్చి ఆ గాలిని బయటికి వదలాలి. ఆ సూది చోటు కూడా మారింది. ఒక తరం వైద్యులు కాలర్ ఎముక కింద, రెండో పక్కటెముకల సందులో గుచ్చమని నేర్చుకున్నారు. ఇప్పుడు పెద్దవాళ్లకైతే చంక కిందుగా, నాలుగో ఐదో సందులో గుచ్చమంటున్నారు. 1995లో చదువు ముగించిన డాక్టరుకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి కదా.

నెబ్రాస్కా పొలం నుంచి

ప్రమాద వైద్యానికి ఒక వరుస, ఒక కోర్సు ఉండాలన్న ఆలోచన పుట్టింది ఇలాంటి పల్లెటూళ్లోనే. 1976 ఫిబ్రవరిలో ఎముకల సర్జను జేమ్స్ స్టైనర్ నడుపుతున్న చిన్న విమానం అమెరికాలోని నెబ్రాస్కాలో ఒక పొలంలో కూలింది. భార్య చనిపోయింది, పిల్లలు గాయపడ్డారు. దగ్గరి చిన్న ఆసుపత్రిలో అందిన చికిత్స చూసి, పొలంలో తాను ఉత్త చేతులతో చేసినంత కూడా అక్కడ జరగలేదని ఆయన మండిపడ్డాడు. తోటి వైద్యులతో కలిసి తయారుచేసిన పాఠాన్ని 1978లో నేర్పి చూశారు. 1980లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ చేపట్టడంతో అది అడ్వాన్స్‌డ్ ట్రామా లైఫ్ సపోర్ట్ (ఏటీఎల్ఎస్) కోర్సుగా ప్రపంచమంతా పాకింది. శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ, మెదడు స్థితి, ఆపైన బట్టలు విప్పి ఒళ్లంతా చూడటం. ఎంత కంగారులోనూ ఈ వరుస తప్పకూడదన్నదే దాని సారం. భారతదేశానికి ఇది 2009 ప్రాంతంలో ఢిల్లీ ఎయిమ్స్ ట్రామా సెంటరు ద్వారా చేరింది. అత్యవసర వైద్యాన్ని భారత వైద్య మండలి ప్రత్యేక ఎండీ విభాగంగా గుర్తించింది కూడా 2009లోనే. అంతవరకూ కాజువాల్టీ డ్యూటీ అంటే కొత్తగా చేరినవారి నెత్తిన పడే పని.

ఏటీఎల్ఎస్ ఖరీదైన కోర్సు, సీట్లూ కొద్దే. డాక్టర్లు తక్కువున్న దేశాల కోసం ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన డగ్లస్ విల్కిన్సన్ 1990లలో రూపొందించిన ప్రైమరీ ట్రామా కేర్ కోర్సు రెండు మూడు రోజుల్లో, ఉన్న సామానుతోనే నేర్పేది. పుంగనూరు స్థాయి ఆసుపత్రికి మొదటిదాని కన్నా ఇదే నప్పుతుందని చెప్పక తప్పదు.

108 తెచ్చిన మార్పు

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ తెలుగు పల్లెల్లో అత్యవసర వైద్యానికి అసలైన మలుపు. సత్యం కంప్యూటర్స్ అప్పటి అధినేత రామలింగరాజు స్థాపించిన ఈఎంఆర్ఐ సంస్థ దీన్ని తెచ్చింది. 2009లో అది జీవీకే చేతికి వచ్చింది. అంతకుముందు గాయపడినవాణ్ని ఏ జీపులోనో, పాలవ్యానులోనో పడేసుకుని పోయేవారు. వాహనం దొరకడం కాదు, వాహనంలో చదువుకున్న మనిషి ఉండటం అసలు మార్పు.

ఆ మనిషినే ఈఎంటీ అంటారు. చాలామంది సైన్సు డిగ్రీ చదివిన పల్లె పిల్లలు. హైదరాబాదు శివార్లలోని క్యాంపస్‌లో వారికి శిక్షణ ఇచ్చి, మధ్యమధ్య పునశ్చరణకు పిలిచేవారు. 2007 నుంచి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యులు ఇక్కడి పారామెడిక్ కోర్సులో పాలుపంచుకున్నారు. బండి నడిపేవాణ్ని ఈ సేవలో డ్రైవరనరు, పైలట్ అంటారు. మెడ కదలకుండా కాలరు వేసి రోగిని బోర్డు మీదికి దొర్లించేటప్పుడు ఈఎంటీకి రెండో జత చేతులు పైలట్‌వే. కాబట్టి అతనికీ పాఠం తప్పనిసరి. ఏ మందు ఎంత ఇవ్వాలో అనుమానం వస్తే కాల్ సెంటరులోని డాక్టరు ఫోన్లో చెబుతాడు. నడుస్తున్న బండిలో, రోగి పక్కనే, ఫోన్లో నడిచే ఈ చదువుకు సర్టిఫికెట్టు ఉండదు కానీ, రాష్ట్రంలో అత్యవసర వైద్యం ఎక్కువమందికి అబ్బింది ఇలాగే.

దూరం నుంచి వైద్యం, చదువు అందించే ప్రయత్నాలు వేరేవీ ఉన్నాయి. ఇదే ఉమ్మడి జిల్లాలోని అరగొండలో 2000లో అపోలో సంస్థ టెలిమెడిసిన్ మొదలుపెట్టింది. సీఎంసీ వేలూరు, చిన్న ఊళ్లలో ప్రాక్టీసు చేసే డాక్టర్ల కోసం దూరవిద్యలో ఫ్యామిలీ మెడిసిన్ కోర్సు పెట్టి, రిఫర్ చేయడం తగ్గించి ఉన్నచోటే నయం చేయడాన్ని పెంచమన్నది. ‘పెద్దాసుపత్రికి పోండి’ అని చీటీ రాసివ్వడం అలవాటైన ప్రాంతంలో ఇది చిన్న మాట కాదు.

గాజు గొట్టం పాఠం

పాముకాటు శిక్షణలో ఒక పాఠానికి యంత్రం అక్కర్లేదు. శుభ్రమైన, పొడి, కొత్త గాజు గొట్టంలో రోగి రక్తం రెండు మిల్లీలీటర్లు తీసుకుని, కదిలించకుండా 20 నిమిషాలు నిలబెట్టాలి. తరవాత ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే రక్తపింజర వంటి పాము విషం ఎక్కినట్టే, విరుగుడు మందు మొదలుపెట్టాలి. ఇంత సులువైన పరీక్ష ఎన్ని విధాల చెడుతుందో నేర్పేవాళ్లకు తెలుసు. ప్లాస్టిక్ గొట్టం వాడితే రక్తం సరిగ్గా గడ్డకట్టదు. సబ్బుతో కడిగిన పాత గొట్టమైనా అంతే. పది నిమిషాలకే ఎవరో ఆత్రంగా ఊపి చూస్తారు. అన్నీ సరిగ్గా చేసినా కట్లపాము కాటును ఈ పరీక్ష పట్టుకోలేదు. దానికి కనురెప్పలు వాలుతున్నాయా, మాట ముద్దగా వస్తోందా అని చూస్తూ, ఊపిరి అందించే అంబు బ్యాగు పక్కనే పెట్టుకోవాలి. కాటు దగ్గర కోయడం, తాడుతో బిగించి కట్టడం మానమని జాతీయ మార్గదర్శకాలు ఏనాడో చెప్పాయి. అయినా తాడు కట్టుతో వచ్చే రోగులు ఆగలేదు. ఆ తాడును ఒక్కసారిగా విప్పకూడదన్నది కూడా పాఠంలో భాగమే.

పురుగుమందు కేసులో అట్రోపిన్ ఎంత ఇవ్వాలన్నది మరో పాఠం. పుస్తకంలోని అంకె చూసి ఆపేవాళ్లున్నారు, కంటిపాప విప్పారగానే చాలనుకునేవాళ్లున్నారు. ఛాతీలో గురగుర తగ్గి, ఊపిరితిత్తులు తేటపడేదాకా డోసు రెట్టిస్తూ పోవాలి. ఇది మంచం పక్కన నిలబడి నేర్చుకునేదే తప్ప ప్రసంగం వింటే వచ్చేది కాదు.

ముప్పై గంటల లెక్క

భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం ప్రతి వైద్యుడూ ఐదేళ్లలో కనీసం 30 గంటలు నిరంతర వైద్య విద్యలో పాల్గొనాలి. రిజిస్ట్రేషను పునరుద్ధరణకు రాష్ట్ర మండలి ఆ గంటలు చూస్తుంది. లెక్క బాగానే ఉంది. ఆదివారం సాయంత్రం హోటలు హాల్లో స్లైడ్లు, ఆపైన భోజనం, చేతిలో సర్టిఫికెట్టు. ఇలా కూడా 30 గంటలూ నిండుతాయి, ఒక్కసారైనా బొమ్మ ఛాతీ మీద చెయ్యి పెట్టకుండానే. గుండె ఆగినవారికి ఛాతీని 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలన్నది చదివితే గుర్తుంటుంది. నొక్కడం మాత్రం చేతికి రావాలి. వచ్చిన పని కూడా కొన్ని నెలలకే మొద్దుబారుతుందని అధ్యయనాలు మళ్లీ మళ్లీ తేల్చాయి.

పైగా విషయమే మారిపోతుంటుంది. 40 దేశాల్లో 20,211 మంది క్షతగాత్రులపై జరిగి 2010లో వెలువడిన క్రాష్-2 పరిశోధన, చవకైన ట్రానెక్సామిక్ ఆసిడ్ ఇంజక్షనును మూడు గంటల్లోపు ఇస్తే రక్తస్రావపు మరణాలు తగ్గుతాయని చూపింది. భారతీయ ఆసుపత్రులూ అందులో ఉన్నాయి. ఆ మందు ఏ ఊరి మందుల షాపులోనైనా దొరికేదే. రక్తం పోయినవారికి ముందుగా రెండు లీటర్ల సెలైన్ ఎక్కించే పాత అలవాటును కూడా 2018 నాటి ఏటీఎల్ఎస్ పదో ముద్రణ ఒక లీటరుకు కుదించింది. ఎక్కువ సెలైన్ రక్తాన్ని పలచబరిచి, గడ్డకట్టకుండా చేస్తుంది. రెండు చేతులకూ సీసాలు తగిలించి ‘అన్నీ చేశాం’ అనుకునే కాలం పోయింది.

ఇటీవలి పరిణామాలు

కరోనా కాలం ఆక్సిజన్ గురించి అందరికీ బలవంతపు పాఠం చెప్పింది. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి రోగులు మరణించాక, పైపులైను ఒత్తిడిని గమనించడం కూడా వైద్య సిబ్బంది పనే అని తేలింది. 2022లో కేంద్ర ఆరోగ్యశాఖ నెల్స్ పేరుతో డాక్టర్లకు, నర్సులకు, పారామెడికల్ సిబ్బందికి స్వదేశీ అత్యవసర కోర్సు తెచ్చింది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం తిరుపతి సహా కొన్నిచోట్ల పెద్దాసుపత్రులకు చిన్న ఆసుపత్రులను జోడించి, గుండెపోటుకు గడ్డ కరిగించే ఇంజక్షను కిందిస్థాయిలోనే ఇచ్చే పద్ధతిని ప్రయోగాత్మకంగా పెట్టింది. ఈసీజీ తీసి పంపడం, పైనుంచి మాట రాగానే సూది వేయడం ఇక చిన్న ఆసుపత్రి నర్సుకు, మెడికల్ ఆఫీసరుకు రావాల్సిన విద్యలే.

ప్రాంతంలో నేర్పే చోటు కూడా ఏర్పడింది. ఎం.ఆర్. దొరస్వామి పీఈఎస్ సంస్థ 2000వ దశకం మొదట్లో కుప్పంలో వైద్య కళాశాల, ఆసుపత్రి స్థాపించింది. మత్తు, ఎముకలు, సర్జరీ విభాగాలున్న కళాశాల చేరువలో ఉంటే బొమ్మల మీద శిక్షణకు రాయవేలూరు దాకా పోనక్కర్లేదు. మదనపల్లెలో ప్రభుత్వ వైద్య కళాశాలకు 2021 మే 31న శంకుస్థాపన జరిగింది.

అడ్డంకి చాలావరకు మనుషుల లెక్కలో ఉంది. రాత్రి డ్యూటీలో ఒక్క స్టాఫ్ నర్సు మీద నడిచే వార్డు నుంచి ఆమెను రెండు రోజుల కోర్సుకు పంపాలంటే, ఆ రెండు రాత్రులు అక్కడ నిలబడే మనిషి కావాలి. కోర్సు ఫీజు కట్టే ఉత్తర్వులు రావచ్చు కానీ, బదులు మనిషిని ఇచ్చే ఉత్తర్వు అంత తేలిగ్గా రాదు. శిక్షణ బడ్జెట్టులో ఆ బదులు జీతాన్ని కూడా చేర్చనంతకాలం, కోర్సులకు వెళ్లేది వీలున్నవారే తప్ప అవసరమున్నవారు కారు.