తక్కువ వడ్డినాళ్లలో సొమ్ము దాచుట

లేనిదానిని సంపాదించుట యోగమనియు, ఉన్నదానిని కాపాడుకొనుట క్షేమమనియు పెద్దలు యోగక్షేమపదమునకు అర్థము చెప్పుదురు. మన గోదావరిసీమలో యోగమునుగూర్చి ముచ్చటించువారు పెక్కండ్రు. క్షేమమునుగూర్చి ఆలోచించువారు కొలదిమంది. వడ్డి తగ్గిన దినములలో ఈ లోపము మఱింత బయటపడును. నూటికి మూడో నాలుగో మాత్రమే వచ్చుచున్నప్పుడు గృహస్థునకు "ఈ సొమ్ము నెచ్చట నుంచుదును?" అను విచారము పుట్టును. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మన తాతలును దీని నెదుర్కొనిరి. వారికేమి జరిగినదో తెలిసికొన్నచో మన దారి కొంత తేటపడునని మేము తలంచుచున్నాము.

ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో ముగిసెను. అంతకుముందు కఱవునకును వఱదకును నడుమ నలిగిన యీ సీమలో మిగులు అను మాట అరుదు. కాలువలు పాఱిన పిమ్మట గాదెలు నిండెను. కాకినాడ రేవున ధాన్యము ఓడల కెక్కెను. రూకలు చేత నిలిచెను. నిలిచిన రూకకు మూడు తావు లుండెడివి. మొదటిది బంగారము: ఇల్లాలి మెడలోని కాసులపేరే యింటికి బ్యాంకు. రెండవది భూమి. మూడవది ప్రామిసరీ నోటు: పొరుగు రైతునకు నూటికి నెలకు రూపాయి చొప్పున, అనగా ఏటికి 12 వంతున, అప్పిచ్చుట.

1882లో తపాలా కచేరీలయందు సేవింగ్సు బ్యాంకు వెలసెను. ఇరువదవ శతాబ్దారంభమున అది యిచ్చిన వడ్డి నూటికి 3. రూపాయి వడ్డికి అలవాటుపడిన మనవారికి ఇది నవ్వులాటగా దోచెను. కాని యొక సంగతి గమనింపదగినది. ఈ బ్యాంకులకు మూలమైన 1873 నాటి చట్టము వివాహిత యగు స్త్రీ దాచుకొనిన సొమ్మును ఆమెకే చెల్లించుటకు వీలు కల్పించెను. నగలుతప్ప తనదని చెప్పుకొనుటకు వేఱేమియు లేని ఇల్లాలికి తన పేర నొక పుస్తకము కలుగుట స్వల్పవిషయము కాదు. వడ్డిని మాత్రమే చూచినవారికి ఆ లాభము కానరాలేదు.

ఎక్కువ వడ్డికై పరువెత్తినవారి గతి యేమైనదో 1906వ సంవత్సరము చాటినది. అప్పుడు మన జిల్లాలును చెన్నరాజధానిలోనివే. అందు అర్బత్‌నాట్ కంపెనీకి మించిన పేరుగల వర్తకసంస్థలు కొన్నియే. ఉద్యోగులు, వితంతువులు, ధర్మసంస్థలవారు ఆ పేరు చూచి తమ సొమ్ము నందుంచిరి. లండనులోని భాగస్థుడు ప్రమాదకరములగు వ్యాపారములలో ధనమును కూలద్రోసెను. అక్టోబరులో కంపెనీ తలుపులు మూసెను. దాని యధిపతికి 18 నెలల కఠినశిక్ష పడెను. దాచుకొన్నవారి సొమ్ము మాత్రము ఆ శిక్షతో తిరిగి రాలేదు. ఆ దెబ్బనుండియే 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టెను. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రాబ్యాంకును స్థాపించిరి. మన సొమ్ము మన కన్నులయెదుట నుండవలెనను కోరిక దేశమున బలపడుచుండెను.

కన్నులయెదుట నున్న అప్పుమాత్రము క్షేమమా? 1929 తరువాత ధాన్యపు ధర దాదాపు సగమునకు దిగెను. రూపాయి వడ్డికి అప్పు తెచ్చిన రైతు గాదె యంతయు అమ్మినను వడ్డికే చాలకపోయెను. 1938లో చెన్నరాజధాని ప్రభుత్వము వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టమును చేసెను. 1932 అక్టోబరునకు పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1వ తేదీవఱకు నిలిచిన వడ్డి కొట్టివేయబడెను. అసలునకు రెట్టింపు చెల్లించిన వ్యవసాయదారుని బాకీ తీఱినట్లే యెంచబడెను. వడ్డి అసలును మీఱరాదని మనువు విధించిన ధర్మమే యిట్లు శాసనమై తిరిగివచ్చినది. ఋణగ్రస్తునకు ఇది న్యాయమే. కాని నోటుమీద 12 అని వ్రాసికొన్న గృహస్థునకు, వ్రాసికొన్నది వేఱు, చేతికి వచ్చునది వేఱు అని అప్పుడు తెలిసివచ్చెను.

బంగారమున్నవారు గట్టెక్కిరా యనిన, అదియు సగము మాటయే. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు స్వర్ణమానమును విడిచినంతట తులము ధర 21 రూపాయల చిల్లరనుండి కొలది కాలములో 30 దాటెను. కష్టములోనున్న కుటుంబములు నగల నమ్ముకొనెను. కోట్లకొలది రూపాయల బంగారము దేశము విడిచి యోడలలో పోయెను. రెండవ ప్రపంచయుద్ధము ముగియునప్పటికి అదే తులము 60 రూపాయలను మించెను. బంగారము మోసగింపలేదు, చేతిలో రొక్కము లేకపోవుటయే అమ్మించినది.

తపాలా పుస్తకమువారి సంగతియో? 1935 నవంబరునుండి 1951 నవంబరువఱకు రిజర్వు బ్యాంకు వారి బ్యాంకురేటు నూటికి 3 దగ్గఱనే నిలిచెను. అది నిజమైన తక్కువవడ్డి యుగము. తపాలావడ్డి మునుపటి మూడులో సగమునకు దిగెను. ఇంతలో యుద్ధము వచ్చి ధరలు రెండింతలకు పైబడెను. పుస్తకములో అంకెలు చెక్కుచెదరలేదు. వానితో కొనదగిన బియ్యము మాత్రము సగమునకు లోబడెను. అంకె నిలుచుట వేఱు, విలువ నిలుచుట వేఱు.

ఈ కథ అంతటితో ఆగలేదు. 1960లో కేరళమున పాలై సెంట్రల్ బ్యాంకు కూలగా, 1962లో డిపాజిట్లకు భీమా ఏర్పడెను. తొలుత 1500 రూపాయలుగా నున్న హద్దు 2020లో 5 లక్షలకు పెంచబడెను. గ్రామ వ్యవసాయ సహకారసంఘములలోని డిపాజిట్లకు ఈ రక్ష వర్తింపదని పల్లెటూరివారు ఎఱుగవలెను. 2020లో రిజర్వు బ్యాంకు రెపోరేటు 4కు దిగగా, 2020-21లో ధరల పెరుగుదల 6ను దాటెను; దాచిన సొమ్ము మరల లోలోపల కరగెను. అంతకు కొన్నియేండ్ల ముందే, హెచ్చు లాభమునకు ఆశపడి విజయవాడలోని అగ్రిగోల్డు సంస్థలో సొమ్ము వేసిన లక్షలమంది వీధిపాలైరి. 1906 నాటి కథయే పేరు మార్చుకొని వచ్చినదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

కొసరునకు పోయి అసలునకు మోసము తెచ్చుకొనరాదని మనవారు అనుచునే యుందురు. తక్కువ వడ్డివలన కలుగు నష్టము మెల్లనిది, లెక్కకు అందునది. దానిని ఒక్కసారిగా పూడ్చుకొనవలెనను తొందరవలన కలుగు నష్టమునకు లెక్క లేదు. అట్లని సర్వమును ఒక్క పుస్తకములో పెట్టి నిద్రించుటయు తగదు. ప్రతి తావును ఏదో యొక కాలమున తప్పినది: నోటు 1930 తరువాత, రొక్కము యుద్ధకాలమున, పేరుగల కంపెనీ 1906లో. కావున సొమ్మును వడ్డినిబట్టి కాక అక్కఱనుబట్టి పంచుకొనవలెను. ఆఱునెలల గ్రాసమునకును జబ్బునకును వలయునది ఎంత తక్కువ వడ్డికైనను అడిగిన దినమున చేతికి వచ్చు చోట నుండవలెను. దానిని వడ్డికొఱకు కదపరాదు. రెండు మూడేండ్లలో రానున్న చదువునకో పెండ్లికో వలయునది భీమా హద్దునకు లోబడి బ్యాంకులలోను, సర్కారు పూచీగల తపాలా పత్రములలోను ఉంచవచ్చును. పదియేండ్లకు గాని అక్కఱలేనిది మాత్రమే ధరలతో పాటు పెరుగదగిన బంగారమునకో, భూమికో, షేర్లకో పోవలెను. అదియు ఒక్కదానిలో కాదు. ఎవరైనను ఊరివారందఱికంటె రెండింతలు ఇత్తుమనినచో, ఆ వడ్డి యెచ్చటనుండి వచ్చునో అడుగవలెను. బదులు చెప్పలేనివానికి సొమ్మీయరాదు.

ఈ లెక్కయంతయు ఇల్లాలికి తెలిసియుండవలెను. ఏ పుస్తకము ఎచ్చట నున్నదో, ఎవరి పేర నామినేషను వ్రాసియున్నదో ఎఱుగని భార్య, భర్త గతించిన మఱునాడు బంధువుల దయకు లోబడును. వడ్డి నూటికి ఎంత యైనను, ఇంటిలో ఒక్కరికే తెలిసిన సొమ్ము క్షేమముగా నున్నదని మేము ఒప్పుకొనజాలము.