వైద్యుని నోట దైవము మాట

“ఇక భారమంతయు భగవంతునిదే” అని వైద్యుడు గది వెలుపలికి వచ్చి చెప్పినచో, మన ఇండ్లలో దాని అర్థమును ఎవరికిని వివరింప నక్కరలేదు. దూరమున నున్న కుమారునకు వెంటనే కబురు పోవును. స్త్రీలు కొంగుతో కన్నులు ఒత్తుకొందురు. వైద్యుడు పలికినది దైవనామమే. విన్నవారికి తోచినది మృత్యువు. ధైర్యము కలిగింపవలసిన ఆ నామము వైద్యుని నోట వెలువడగనే భయము నేల కలిగింపవలెను? ఈ చిక్కు మనది మాత్రమే కాదు. ఎనిమిది వందల యేండ్లకు పూర్వమే రోము నగరమున దీనిని గూర్చి ఒక శాసనము పుట్టినది.

1215వ సంవత్సరము నవంబరు మాసమున మూడవ ఇన్నొసెంటు పోపు లాటెరన్ మందిరమున మత మహాసభను సమావేశపరచెను. ఆ సభ చేసిన శాసనములలో ఇరువది రెండవది వైద్యులకు సంబంధించినది. రోగి కడకు వచ్చిన దేహవైద్యుడు అన్నిటికంటె ముందుగా, ఆత్మవైద్యుని, అనగా పాపనివేదనము వినెడి మతగురువును, పిలిపించుకొమ్మని రోగికి చెప్పవలెను. చికిత్స తరువాతి మాట. ఈ విధిని మీరిన వైద్యునకు తప్పు దిద్దుకొనువరకు దేవాలయ ప్రవేశము లేదు. మేము దీనిని మొదట చదివినపుడు, మతాధికారుల పెత్తనమునకు ఇది మరియొక నిదర్శనమని తలచి పుట త్రిప్పబోతిమి. కాని శాసనములోనే చెప్పిన కారణములు మమ్ము నిలిపినవి. కొన్ని వ్యాధులు పాపఫలములనుట వానిలో నొకటి; అది ఆ కాలపు నమ్మకము. రెండవ కారణము అట్టిది కాదు. వ్యాధి నడుమ వైద్యుడు ఆత్మ సంగతి యెత్తినచో కొందరు రోగులు నిరాశకు లోనై, మరింత సులభముగ మరణాపాయమున పడుచున్నారట! అందుచేతనే అందరికిని తొలుతనే చెప్పవలెనను ఏర్పాటు. అందరికి చెప్పెడి మాట ఏ ఒక్కరినీ భయపెట్టదు గదా.

ఉపాయము మంచిదే. అయితే మాట క్రమముగ ఆజ్ఞగా బిగిసినది. 1566లో ఐదవ పయస్ పోపు మరియొక ఉత్తరువు చేసెను. పాపనివేదనము జరిగినదని మతగురువు వ్రాసియిచ్చిన చీటి లేనిచో, మూడు దినములు దాటిన పిమ్మట వైద్యుడు ఆ రోగిని చూడరాదు. పట్టము పుచ్చుకొనునపుడే వైద్యుడు ఇందుకు ప్రమాణము చేయవలెను. మంచము పట్టినవాడు మందు కొరకు చీటి చూపవలసి వచ్చెను! అట్టి స్థితిలో అతడు పలుకునది విశ్వాసమో, ప్రాణభీతియో ఎవరు తేల్చగలరు?

మన చరకసంహిత త్రోవ వేరు. సూత్రస్థానము పదునొకండవ అధ్యాయమున చికిత్స మూడు విధములని చెప్పబడినది. మంత్రము, హోమము, ఉపవాసము, నమస్కారము మొదలగునవి దైవవ్యపాశ్రయము; ఆహారౌషధముల కూర్పు యుక్తివ్యపాశ్రయము; అహితమైన విషయములనుండి మనస్సును మరల్చుట సత్త్వావజయము. ఇచట దైవము చికిత్సలోనిదే. ఔషధము విఫలమైన పిదప కబురంపిన చుట్టము కాదు. విమానస్థానమున గురువు శిష్యునకు చేసెడి ఉపదేశములో ఇంకొక మాట గలదు. రోగి ఆయువు తీరుచున్నదని తెలిసినను, చెప్పుటవలన అతనికిగాని ఇతరులకుగాని కీడు కలుగుచోట చెప్పరాదట. చెప్పరాని ఆ మాటకు దైవనామమును తెరగా కట్టుమని మాత్రము చరకుడు చెప్పలేదు. ఆ తెర మనము కట్టుకొన్నదే.

ఆజ్ఞయు తెరయు లేని సంభాషణ యెట్లుండునో 1948లో లండనులో జరిగిన యొక సంగతి చూపును. సిసిలీ సాండర్సు అప్పటికి వైద్యురాలు కాదు. ఆసుపత్రిలో రోగుల కష్టసుఖములు విచారించు ఉద్యోగిని. డేవిడ్ టాస్మా వార్సానుండి వచ్చిన యూదుడు. నలువది యేండ్ల వయస్సున క్యాన్సరుతో మరణించుచుండెను. ఆమె క్రైస్తవురాలు, అతడో తాతల మతమునకు దూరమైతినని తలచినవాడు. ఊరట కలుగు మాట చెప్పుమని అతడొకనాడు అడుగగా, ఆమె తనకు కంఠస్థమైన దావీదు కీర్తన చెప్పెను. అది ఇరువురి మతములకును ఉమ్మడి సొత్తు. ఇంకను చదువుదునా యని ఆమె అడిగినపుడు, చదువవలదనియు, ఆమె మనస్సున, హృదయమున నున్నది చాలుననియు అతడు బదులిచ్చెను. మరణించుచు ఆమెకు 500 పౌనులు విడిచి, ఆమె కట్టబోవు ఇంటికి తాను కిటికీ నగుదునని చెప్పెనట. ఆమె వైద్యము చదివి 1957లో పట్టము పొందెను. 1967లో సెయింట్ క్రిస్టఫర్ ఆశ్రయమును తెరచెను. కీర్తన చెప్పుటకంటె, అడిగినవాని మాట వినుటయే ఆమె చేసిన పెద్ద పని యని మాకు తోచును.

1996లో అమెరికాలో క్రిస్టినా పుచాల్స్కీ అను వైద్యురాలు మరికొందరితో కలిసి వైద్యులకొక ప్రశ్నావళి కూర్చెను. మీకు విశ్వాసము గలదా? జీవితమున దానికెంత స్థానము? మీతో పాటు దానిని పంచుకొనువారు గలరా? చికిత్సలో మేము దానినెట్లు గమనింపవలెను? ఇతర వివరములతో పాటు వీనిని ముందుగనే అడుగవచ్చును. 1215 నాటి సభవారు కోరినట్లే, మరణము గుమ్మమున నిలిచిన తరువాత కాదు. రోగి “ఏమియు లేదు” అన్నచో, వైద్యుడు సరే యని నాడి చూచుటకు చేయి చాచును. చీటి యడుగడు.